వె-7 కిటికీలు

ఆయన్ని స్టూడియోలో అందరూ ఛీగారు అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, చాటుగా అనుకోవడానికి ధైర్యం అక్కర్లేదు కదా. ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవయ్యారేళ్లు ఒళ్లు వంచి సంపాదించుకున్నారు. పొద్దున్నే షెడ్డు తాళం తీస్తూ ఒక ఛీ, గోడకి అతికించిన కెప్టెన్ పోస్టరు చూసి ఒక ఛీ, జిగురు డబ్బా మూత బిగుసుకుపోతే ఒక ఛీ. మూడోది ఒక్కటే కాస్త న్యాయమైన ఛీ. తక్కినవన్నీ మనుషుల మీద.

ఆయన కంటికి మనిషన్నవాడు ఆనేవాడు కాదు. దర్శకుడు ఆయన లెక్కలో కుర్చీకి పట్టిన బూజు. కెప్టెన్ వేషం వేసేవాడికి స్క్రూడ్రైవరు ఏ కొస పట్టుకోవాలో తెలీదు, వాడు తెర మీద ఇంజను బాగుచేస్తుంటే జనం చప్పట్లు కొడతారు. ఇక ఆ జనం సంగతి ఎత్తితే ఛీగారికి మాటలు చాలేవి కావు, చేతులు తిప్పేవారు.

అదొక అంతరిక్షం సీరియల్. మొదట్లో పదమూడు భాగాలతో ముగించేద్దామనుకున్నారు. ఇరవయ్యారేళ్లయింది, ఇంకా ముగిస్తూనే ఉన్నారు. నలుగురు కెప్టెన్లు మారారు, మూడు సినిమాలు వచ్చాయి, విలన్ ఏడుసార్లు చచ్చి ఎనిమిదిసార్లు బతికాడు. అందులో హీరో ఓడ అని ఒకటుంది. దానికి ఏసీ గది, మఖ్‌మల్ ముసుగు, దుమ్ము దులపడానికి ఇద్దరు మనుషులు. ఆ ఓడతో ఛీగారికి సంబంధం లేదు. ఆయన చేసేవి వెనక ఓడలు.

హీరో ఓడ ఏ రేవులోనో ఆగిందంటే ఆ రేవు బోసిగా కనపడకూడదు కదా, అందుకని దూరంగా నాలుగు ఓడలు నిలబడి ఉండాలి. యుద్ధమైతే దూరంగా నాలుగు పేలిపోవాలి. మొదటి దర్శకుడు షెడ్డు గుమ్మంలో నిలబడి, లోపలికి కూడా రాకుండా, "వెనకాల ఓ నాలుగు ఓడలు పడేయవయ్యా" అని వెళ్లిపోయాడు. ఆ 'పడేయ్' అన్న మాట ఛీగారి చెవిలో ముల్లులా దిగి ఇరవయ్యారేళ్లూ అక్కడే ఉండిపోయింది. ఆయన మాత్రం పడేయకుండానే చేశారు. షాంపూ సీసాలు, పాడైన జుట్టు ఆరబెట్టే మిషను, పెన్ను మూతలు, మాత్రలు అయిపోయిన అట్టలు, అలారం గడియారం పళ్లచక్రాలు, ఇవన్నీ కోసి, అతికి, రుద్ది, రంగు వేయించి ఓడ అనిపించేవారు. గుర్తు కోసం ఒక్కోదాని పొట్ట కింద 'వె-1', 'వె-2' అని తెల్లరంగుతో రాసేవారు. వె అంటే వెనక. అంతకుమించి దానికి అర్థం లేదు.

పేర్ల జాబితాలో ఆయన పేరు ఏనాడూ పడలేదు. కెప్టెన్‌కి గొడుగు పట్టినవాడి పేరు పడింది. కెప్టెన్ పిల్లికి స్నానం చేయించినావిడ పేరు పడింది. పిల్లి పేరు కూడా పడింది. ఛీగారు ఒకసారి ఆఫీసుకి వెళ్లి అడిగితే, "వెనక ఓడలు ఎవరు చూస్తారండీ" అన్నారు. ఆ మాటకి ఆయనకి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచీ ఆ సీరియల్ చూడటం మానేశారు. ఇంట్లో ఆవిడ పెట్టుకుంటే ఆయన బాల్కనీలోకి వెళ్లి గోళ్లు తీసుకునేవారు.

ఆవిడ ఇంట్లో కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టేది. దర్జీలు కట్టలు కట్టి పంపేవాళ్లు, గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ దారంతో అంచు కట్టి, సాయంత్రానికి తిరిగి పంపేది. ఎడమచేతి వాటం. వేలికి ఇత్తడి టోపీ, మోకాలి మీద చొక్కా, ఎదురుగా టీవీ. దర్జీలకి ఆమె కాజాలావిడ. కింది వాటావాళ్లకి పై వాటా ఆవిడ. ఛీగారు పెళ్లయిన మర్నాడు "ఇదిగో" అని పిలిచారు, ముప్ఫయ్యేళ్లు దాటినా అదే పిలుపు.

మొదటి ఏడు ఓడలకీ కిటికీలు ఆవిడే పొడిచింది. పల్చటి ప్లాస్టిక్ రేకు లోపలివైపు నల్లరంగు పూసి, సూదిమొనతో చిల్లులు పొడిచి, ఓడ చట్రానికి చుట్టి లోపల బల్బు పెడితే, ఒక్కో చిల్లూ ఒక్కో కిటికీలా వెలుగుతుంది. షెడ్డులో మగాళ్ల చేతికి ఆ పని లొంగలేదు, రేకులు చింపి పారేశారు. ఏడో ఓడ తరవాత ఆవిడ తీరిక లేదంది. అంతే, వె-8 నుంచి వె-31 దాకా ఏ ఓడకీ కిటికీలు లేవు. "సరుకు ఓడలకి కిటికీలెందుకు?" అని దర్శకుడి నోరు మూయించారు ఛీగారు. అలా ఆ లోకంలో వ్యాపారం ఒక్కసారిగా పెరిగిపోయింది.

అన్నిట్లోకీ పేరు తెచ్చుకున్నది వె-7. తెర మీద తొమ్మిదిసార్లు పేలిపోయింది, పదోసారి ఏమీ ఎరగనట్టు రేవులో నిలబడింది. ఆస్పత్రి ఓడైంది, జైలు ఓడైంది, పెళ్లివారి ఓడైంది. మూడో ఏడాదిలో ఎవడో దాన్ని తలకిందులుగా వేలాడదీశాడు. పొట్ట కింద రాసిన 'వె-7' తెర మీద సెకనున్నర పాటు కనపడింది. అభిమానులకి ఆ సెకనున్నర చాలు. వాళ్లు కూర్చుని, నిలబడి, ఉత్తరాలు రాసుకుని, తిట్టుకుని, చివరికి తేల్చిందేమిటంటే వె అంటే వెన్నెల. వెన్నెల దళం. సొంత గ్రహం పోగొట్టుకుని ఓడల్లోనే బతికే జనం. ఈ సంగతి చెవినపడ్డ రోజు ఛీగారు నవ్వలేదు, కోప్పడలేదు. కుర్చీలో కూలబడి మంచినీళ్లు తాగారు.

కంప్యూటర్లు వచ్చాక షెడ్డు ఖాళీ చేయమన్నారు. ఆయన ఉద్యోగం ముగియడానికి ఇంకో ఏడాదే ఉంది. సరిగ్గా అప్పుడే కంపెనీ ఓ పెద్ద పుస్తకం వేస్తున్నామంది. సీరియల్‌లో కనపడ్డ ఓడలన్నీ అందులో ఉంటాయి. బొచ్చెడు ఓడలకి తలా ఒక తపాలా బిళ్లంత బొమ్మ, ముఖ్యమైన పన్నెండింటికి మాత్రం నిండు పేజీ, కింద చేసినవాళ్ల పేరు. ఆ పన్నెండులో పదకొండు హీరో ఓడా, ఏసీ గదిలో దాని పక్కన నిలబడేవీ. పన్నెండోది వె-7.

ఇరవయ్యారేళ్లలో ఛీగారి పేరు అచ్చులో పడే చోటు ఆ ఒక్కటే. ఆ కబురు విన్న రోజు ఆయన ఒక్కసారి కూడా ఛీ అనలేదు. షెడ్డులో అందరూ ఆయనకి జ్వరమొచ్చిందనుకున్నారు.

చిక్కేమిటంటే ఆ పేజీకి ఇంకో మనిషి కూడా చెయ్యి చాపాడు. రంగుల మేస్త్రి. వె-7కి రంగు వేసింది అతనే, ఆ మాట నిజం. రంగు వేసిన చేత్తోనే ఓడ కూడా చేశానని చెప్పుకున్నాడు, అది పచ్చి అబద్ధం. మేస్త్రికి సిగ్గన్నది ఏ రంగులో ఉంటుందో తెలీదు. ఆనాటి కాగితాలు ఎప్పుడో చెత్తలో కలిశాయి. దాంతో కంపెనీవాళ్లు, తేల్చే పని పుస్తకం రాస్తున్నాయనకి అప్పజెప్పారు. ఆయన వృత్తి పళ్ల డాక్టరు, వ్యసనం ఈ సీరియల్. అభిమాన సంఘంలో అందరికంటే పెద్ద తలకాయ.

మొదటి సమావేశం ఆఫీసు పైగదిలో పెట్టారు. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద వె-7. పళ్ల డాక్టరు ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం. ఓడ నోరు తెరుస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"నా పద్ధతి ముందే చెప్పేస్తానండీ" అన్నాడు. "ఎవరేం చెప్తే అది వాళ్ల మాటల్లోనే రాస్తాను. ఒక్క అక్షరం మార్చను, ఒక్క అక్షరం కలపను. ఇద్దరికీ ఒకటే ప్రశ్న. చీకటి అంతస్తు ఎందుకు పెట్టారు?"

"ఏ అంతస్తు?" అన్నారు ఛీగారు.

డాక్టరు జాలిగా చూసి టార్చి వేశాడు. ఓడ కుడిపక్కన, తోక దగ్గర, అరచెయ్యంత మేర ఒక్క కిటికీ లేదు. వరసలన్నీ చక్కగా నడుచుకుంటూ వచ్చి అక్కడ ఆగిపోయాయి. నాలుగో వరసైతే మధ్యలోనే, పదకొండో కిటికీ దగ్గర, ఎవరో పిలిస్తే లేచి వెళ్లినట్టు ఆగింది.

"మొత్తం రెండువేల నూట పద్నాలుగు కిటికీలు. నేనే లెక్కపెట్టాను, మూడుసార్లు" అన్నాడు డాక్టరు. "ఇక్కడ మాత్రం చీకటి. మా సంఘంలో ఇరవయ్యేళ్లుగా దీని మీదే వాదన. పోయిన గ్రహం కోసం వాళ్లు ఆర్పేసిన దీపాలని నా నమ్మకం. ఏటా ఒక సాయంత్రం మేమంతా ఇంట్లో ఒక గది దీపం ఆర్పేసుకుంటాం."

ఛీగారికి నోటిదాకా వచ్చిన ఛీ అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఆ చీకటి ముక్కని ఆయన చూడటం అదే మొదటిసారి. తను చేసిన ఓడ. తన చేత్తో చట్రానికి రేకు చుట్టి, అంచులు అతికి, బల్బు పెట్టి పంపిన ఓడ. చేసిన ఓడని మళ్లీ చూడటం ఆయనకి అలవాటు లేదు. చేసే రోజున కూడా చూడలేదన్నమాట.

మేస్త్రి సందు దొరికింది కదా అని దూరాడు. "యుద్ధంలో దెబ్బ తిన్నట్టుగా నేనే వదిలేశానండీ."

"దెబ్బ తింటే కాలిన రంగుండాలి కదా మేస్త్రిగారూ? ఇక్కడ రంగు శుభ్రంగా ఉంది."

డాక్టరు ఛీగారి వైపు తిరిగాడు. ఛీగారు లేచి నిలబడి, "ఇంట్లో నా నోటుపుస్తకం ఉంది. గురువారం చూసుకుని వచ్చి చెప్తాను" అన్నారు. అలాంటి పుస్తకం ఏదీ లేదు. ఇంట్లో ఉన్నది ఆవిడే.

ఆయన వెళ్లేసరికి ఆవిడ కిటికీ పక్కన కూర్చుని నీలం చొక్కాకి మూడో కాజా కుడుతోంది.

"ఇదిగో, వె-7 అని ఓ ఓడ..."

"చీకటి ముక్క సంగతా?" అంది తలెత్తకుండానే.

ఛీగారు చెప్పులు విప్పుతున్నవారు అలాగే ఉండిపోయారు. "నీకెలా తెలుసు?"

"వారం వారం చూస్తున్నాగా. మీరు బాల్కనీలో గోళ్లు తీసుకునేటప్పుడు."

"ఎందుకు వదిలేశావు అక్కడ?"

ఆవిడ దారం కొరికి, సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. "మీకేమీ గుర్తు లేదా? ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గుమ్మం దగ్గరే కూర్చున్నాను. మర్నాటికి కావాలన్నారు కదా, రెండ్రోజుల్నుంచీ అదే పని. ఊరికే చిల్లులు పొడుచుకుంటూ పోతే నాకు తోచదు. ఇది వంటగది, ఇది పిల్లల గది, ఇక్కడ నిద్రపట్టని ముసలావిడ అని అనుకుంటూ పొడుస్తున్నాను. తోక దగ్గరికొచ్చాక ఇక్కడెవర్ని పెట్టాలో తెలీలేదు. మిమ్మల్ని అడిగాను."

"ఏమని?"

"ఇందులో ఎవరుంటారండీ, అని."

"నేనేమన్నాను?"

"ఎవరూ ఉండరు, వెనక ఓడేగా, ఎవడు చూస్తాడు, తొందరగా కానీ, అన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు, కాజా కొలత చెప్తున్నట్టు చెప్పింది. "ఎవరూ లేనిచోట దీపాలెందుకని ఆపేశాను. రేకు చుట్టగా చుట్టి మీ చేతికిచ్చాను."

ఛీగారికి ఒళ్లు మండింది. "ఇన్నేళ్లూ నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చూస్తారనుకున్నాను. ఆ రోజు చూస్తారనుకున్నాను. మర్నాడు చూస్తారనుకున్నాను. తరవాత అనుకోవడం మానేశాను." ఆవిడ మళ్లీ సూది అందుకుంది. "కాళ్లు కడుక్కోండి."

బుధవారమంతా ఛీగారు ఒక అబద్ధం తయారుచేసుకున్నారు. ఆయన చేతిపనిలాగే అదీ బాగానే వచ్చింది. ఓడలో చనిపోయినవాళ్ల గదులని, కళాకారుడిగా తను కావాలనే వదిలేశానని, మాటలు కూర్చుకుని బస్సులో రెండుసార్లు వల్లించుకున్నారు. ఆవిడ ఊసెత్తే ఉద్దేశం ఆయనకి బొత్తిగా లేదు. పేజీలో చోటు తక్కువ, అది ఒక్క మనిషికే సరిపోతుందని సమాధానం చెప్పుకున్నారు. ఎవరికి చెప్పుకున్నారో ఆయనకే తెలియాలి.

గురువారం వెళ్లేసరికి మేస్త్రి ముందే వచ్చి కూర్చున్నాడు. ఛీగారు కుర్చీ లాక్కునేలోపే మొదలుపెట్టాడు. "మొన్న పెద్దవారి ముందు మనసు విప్పలేకపోయానండీ. యుద్ధమూ కాదు, ఏమీ కాదు. పోయిన గ్రహం కోసం ఆర్పేసిన దీపాలండీ అవి. ఆ రోజు ఏడుస్తూ వదిలేశాను."

పళ్ల డాక్టరు కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకున్నాడు. మేస్త్రి కూడా ఒత్తుకున్నాడు, పొడి కళ్లు.

ఛీగారు ఇరవయ్యారేళ్లలో ఎన్నో చూశారు గానీ ఇంత వెగటుగా ఏదీ అనిపించలేదు. వల్లించుకొచ్చిన అబద్ధం గొంతులోనే చచ్చిపోయింది. అచ్చం అలాంటిదే తనూ చెప్పబోయానన్న సంగతి గుర్తుకొచ్చి ఇంకా మండింది.

"ఛీ!" అన్నారు. గోడకున్న కెప్టెన్ ఫోటో అదిరింది. "ఏ గ్రహం? ఏ ఏడుపు? మా ఆవిడ అలిగి సూది పక్కన పెట్టింది. అంతే. ఆ కిటికీలన్నీ మా ఆవిడ పొడిచింది. ఇందులో ఎవరుంటారని అడిగితే ఎవరూ ఉండరన్నాను, మానేసింది. దీపం ఆర్పుకుని కూర్చునేవాళ్లంతా వెళ్లి వేసుకోండి."

"రుజువేంటండీ?" అన్నాడు మేస్త్రి నీరసంగా.

"మా ఆవిడది ఎడమచెయ్యి. చిల్లులు ఎటు వాలి ఉన్నాయో డాక్టరుగారిని చూసుకోమను. నువ్వు కుడిచేత్తో బ్రష్షు పట్టుకుని కూర్చున్నావు కదా, ఇప్పటికీ కుడిచేత్తోనే కళ్లొత్తుకుంటున్నావు."

డాక్టరు అద్దం తీసి ఒక్కో కిటికీ అంచూ చూశాడు. పావుగంట పట్టింది. అన్నీ ఎడమచేతి పోట్లే. మేస్త్రి ఎప్పుడు లేచి వెళ్లాడో ఎవరూ గమనించలేదు. మనిషి వెళ్లిపోయినా తెలియకపోవడం ఆ స్టూడియోలో కొత్తేమీ కాదు.

"ఇంకొకటి కూడా రాసుకోండి. వె అంటే వెనక" అన్నారు ఛీగారు, ఊపు మీదున్నారు కదా.

డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు. "అది నేను అడగలేదండీ. అడగనిది రాయను." పద్ధతి పద్ధతే గానీ, ఎక్కడ కళ్లు మూసుకోవాలో పద్ధతికి బాగా తెలుసు. తరవాత మూత మళ్లీ తీశాడు. "ఓడ చేసినవారి పేరు చెప్పండి."

ఛీగారు చెప్పారు. ఇంటిపేరు ఇనిషియలు, తండ్రి పేరు ఇనిషియలు, తరవాత పేరు. డాక్టరు రాసింది తిప్పి చూపించమన్నారు. ఒక దీర్ఘం తగ్గింది, దిద్దించారు. మళ్లీ చూసి, రెండు ఇనిషియళ్ల మధ్య చుక్కని కాస్త ముదురుగా పెట్టమన్నారు.

"కిటికీలు?"

"మా ఆవిడ."

"మా... ఆవిడ" అని పైకి అనుకుంటూ రాశాడు డాక్టరు. పెన్ను కాగితం మీదే ఆగింది. "ఇంకేమైనా చెప్తారా?"

"ఇంకేముంది? ఇదిగో, ఈ రెండో చుక్క సరిగ్గా పడలేదు చూడండి."

ఇంటికొచ్చేటప్పుడు ఆయనకి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. పేజీ దక్కింది. పైగా తను ఎంత పెద్ద మనసు చేసుకున్నారో తలుచుకుంటే కళ్లు చెమర్చాయి. గుమ్మంలోంచే కేకేశారు. "ఇదిగో, పుస్తకంలో నీ పేరు కూడా వేయించాను!"

సూది ఆగింది. "నా పేరా?"

"నీ పేరే. కిటికీలకి."

"ఎలా వేశారు? పుట్టింటి ఇంటిపేరా, మనదా?"

"అదంతా ఆయన చూసుకుంటాడు. పళ్ల డాక్టరు, చాలా జాగ్రత్త మనిషి" అంటూ ఆయన స్నానానికి వెళ్లిపోయారు.

పుస్తకం రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో ఇంట్లో ఒక మార్పు వచ్చింది. సీరియల్ వేళకి ఛీగారు బాల్కనీలోకి పోవడం మానేసి, ఆవిడ పక్కన కుర్చీ వేసుకున్నారు. పాత భాగాలు మళ్లీ వేస్తున్నారు. కెప్టెన్ ఏదో ఉపన్యాసం దంచుతుంటే, ఆవిడ సూదితో చూపించేది. "వాడి చెవి వెనక చూడండి. అదుగో. ఆ మూడు చిన్న కిటికీలు పిల్లల గది. పక్కన పొడుగ్గా ఉన్నది వాళ్లమ్మ పని చేసుకునే చోటు. ఆ చివర ఒంటిగా ఉన్నది ముసలావిడది." ఛీగారు ముందుకి వంగి చూసేవారు. తన ఓడలో ఇంతమంది ఉన్నారని ఆయనకి అప్పటిదాకా తెలీదు. ఓ రోజు, "ముసలావిడకి నిద్ర ఎందుకు పట్టదు?" అని కూడా అడిగారు.

ఆవిడ దర్జీలకి చెప్పింది. కింది వాటావాళ్లకి చెప్పింది. "పుస్తకంలో నా పేరు వస్తోందండీ" అని, చొక్కాల కట్ట చేతికిస్తూ మామూలుగా అన్నట్టే అనేది గానీ, ఇచ్చిన కట్ట మళ్లీ వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చేది. ఓ దర్జీ దగ్గర మిగిలిన బూడిదరంగు గుడ్డ అడిగి తెచ్చుకుని పుస్తకానికి ఒర కుట్టింది. దానికి ఒకే ఒక్క గుండీ, ఒకే ఒక్క కాజా. జీవితంలో తన వస్తువుకి కుట్టుకున్న మొదటి కాజా అదేనని నవ్వింది.

పుస్తకం ఓ ఆదివారం పొద్దున వచ్చింది. ఇటుకంత బరువు. ఛీగారు బల్ల మీద పెట్టి, నేరుగా తన పేజీకే వెళ్లారు. వె-7 నిండు పేజీలో నల్లటి ఆకాశం మీద వెలుగుతోంది. ముందుగా ఆయన తన పేరు చూసుకున్నారు. దీర్ఘం ఉంది. రెండు ఇనిషియళ్లూ ఉన్నాయి. రెండు చుక్కలూ ఆవగింజల్లా నిండుగా పడ్డాయి. ఇరవయ్యారేళ్ల ముల్లు చెవిలోంచి ఊడిపోయినట్టనిపించింది.

"ఇదిగో! రా, రా!"

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. చంకలో బూడిదరంగు ఒర. కూర్చుని, పేజీ మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. ఓడ చేసినది అన్నచోట ఆయన పేరు, ఇనిషియళ్లతో సహా. వేలు కింది వరసకి దిగింది.

కిటికీలు: మా ఆవిడ.

దాని కింద సన్నటి అక్షరాల్లో, 'చెప్పినవారి మాట యథాతథంగా' అని ఉంది. ఆవిడ వేలు కదల్లేదు. ఛీగారు వంగి చూశారు. అలవాటు కొద్దీ ఛీ నోటిదాకా వచ్చింది. దాన్ని ఎవరి మీద వేయాలా అని వెతికారు. పళ్ల డాక్టరు చెప్పింది చెప్పినట్టే రాశాడు. ఇంకేమైనా చెప్తారా అని అడిగాడు కూడా. మేస్త్రి ఎప్పుడో వెళ్లిపోయాడు. దర్శకుడు గుమ్మంలో లేడు. గదిలో ఉన్నది ఇద్దరే.

ఆవిడ కళ్లద్దాలు తీసింది. 'మా ఆవిడ' అన్న రెండు మాటల మీదా వేలు అలాగే ఉంచి, ఆ మధ్యాహ్నం గుమ్మం దగ్గర రేకు పట్టుకుని అడిగినట్టే అడిగింది.

"ఇందులో ఎవరుంటారండీ?"